ఆపరేషన్ అయ్యాక ఇంటి దగ్గర కోలుకోవడం, నలభై దాటాక హార్మోన్లు మొదలుపెట్టడం ఎలా?

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడి నుంచి అడిగినా ప్రశ్న ఒక్కటే. "అక్కా, ఆపరేషన్ చెన్నైలో అయిపోయింది. ఇంటికి వచ్చేశాను. వయసు నలభై ఆరు. హార్మోన్లు ఎప్పుడు మొదలుపెట్టాలి? మాత్రల పేరు చెప్పండి." మాత్రల పేరు అందరూ అడుగుతారు. గాయం ఎలా ఉందో నేను అడగక ముందే చెప్పేవాళ్లు అరుదు. అందుకే ముందు గాయం గురించి, ఆ తర్వాతే హార్మోన్ల గురించి రాస్తున్నాను. మధ్యలో దాటేసి కిందికి వెళ్లకండి.

ఇది ముఖ్యంగా ట్రాన్స్ మహిళల కోసం. వెజైనోప్లాస్టీ (కొత్తగా యోనిని అమర్చే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు, వృషణాలు మాత్రమే తీయించుకున్నవాళ్లు, ఎన్నో ఏళ్ల కిందట నిర్వాణం (హిజ్రా ఆచారంలో పురుషాంగం, వృషణాలు తీసేయడం) అయి ఇప్పటిదాకా ఏ హార్మోనూ వాడనివాళ్లు, ముగ్గురికీ పనికొస్తుంది. చివర ట్రాన్స్ పురుషులకు కొన్ని మాటలు ఉన్నాయి. మీ సర్జన్ ఇచ్చిన కాగితంలో ఇంకోలా ఉంటే ఆ కాగితాన్నే పాటించండి. ఆపరేషన్ పద్ధతిని బట్టి రోజులు, కొలతలు మారతాయి.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- కమోడ్ కుర్చీ. మన ఇళ్లలో మరుగుదొడ్లు ఎక్కువగా గొంతుకూర్చునేవే. కుట్లు మానేదాకా గొంతుకూర్చోకూడదు. మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ అయినా చాలు.
- ఆసుపత్రి ఇచ్చిన డైలేటర్ల సెట్టు (కొత్త యోని మార్గం మూసుకుపోకుండా లోపల పెట్టే నున్నటి కడ్డీలు), నీటి ఆధారిత జెల్లీ, చేతి అద్దం, ప్యాడ్లు, మంచం మీద పరచడానికి రబ్బరు షీటు.
- థర్మామీటరు, బీపీ యంత్రం, ఒక నోటు పుస్తకం.
- ఇసబ్‌గోల్ లేదా డాక్టరు రాసిన విరేచన మందు. ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది.
- మొదటి 2 వారాలు పక్కన ఉండే మనిషి. నీళ్లు మోయడం, బియ్యం బస్తా జరపడం ఆ మనిషి పని, మీది కాదు.

జెల్లీ విషయంలో ఒక జాగ్రత్త. మందుల దుకాణంలో "జెల్లీ" అని మాత్రమే అడిగితే చాలాసార్లు లిగ్నోకైన్ జెల్లీ చేతిలో పెడతారు. అది తిమ్మిరెక్కించే మందు. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆపాలో మీకు తెలియదు. డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప వాడకండి. కొబ్బరినూనె, వ్యాజిలీన్ కూడా వద్దు. అవి లోపల పేరుకుపోయి ఇన్ఫెక్షన్‌కు చోటిస్తాయి.

ఆసుపత్రి వదిలే ముందు

1. డిశ్చార్జి సమ్మరీలో మూడు విషయాలు స్పష్టంగా రాయించుకోండి: ఏ ఆపరేషన్ చేశారు, వృషణాలు తీశారా లేదా, యోని లోతు ఎంత. తర్వాత మిమ్మల్ని చూసే డాక్టరు ఒడియా మాట్లాడినా, తెలుగు మాట్లాడినా ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది. గుర్తింపు పత్రంలో మార్పు కోసం ఆసుపత్రి మెడికల్ సూపరింటెండెంటు సర్టిఫికెట్ కూడా అప్పుడే తీసుకోండి. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ప్రకారం కలెక్టరు కార్యాలయానికి అది చూపించాలి. దాని కోసం మళ్లీ చెన్నై దాకా వెళ్లడం ఎందుకు?

ఇంకా ఆపరేషన్ కానివాళ్లకు డబ్బు సంగతి ఒక మాట. ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వర్తించే ప్యాకేజీని కేంద్రం 2022లో ప్రకటించింది. ఒడిశా ఆ పథకంలో చేరింది 2025లో. మీరు వెళ్లే ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో అడ్వాన్సు కట్టక ముందే అడగండి.

2. డైలేషన్‌ను, అంటే డైలేటరు లోపల పెట్టుకోవడాన్ని, నర్సు ఎదుట మీ చేత్తో ఒకసారి చేసి చూపించండి. యోని లోపల పెట్టిన గుడ్డను సాధారణంగా 5 నుంచి 7 రోజుల మధ్య తీస్తారు, మూత్రపు గొట్టం కూడా దాదాపు అప్పుడే. డైలేషన్ మొదలయ్యేది ఆ తర్వాతే. సిగ్గుపడి "వచ్చేసిందిలే" అనుకుని బయలుదేరితే ఇంటి దగ్గర చూపించేవాళ్లు ఉండరు.

3. మీ ఊరికి దగ్గరలో ఒక డాక్టరును ముందే మాట్లాడి పెట్టుకోండి. కోరాపుట్ వైపువాళ్లకు అక్కడి ప్రభుత్వ మెడికల్ కాలేజీ, గంజాం, గజపతి జిల్లాలవాళ్లకు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, రాయగడ, గుణుపురంవాళ్లకు విశాఖపట్నం అందుబాటులో ఉంటాయి. యూరాలజిస్టుకో గైనకాలజిస్టుకో డిశ్చార్జి కాగితం చూపించి "రాత్రిపూట ఇబ్బంది వస్తే రావచ్చా?" అని అడిగి పెట్టుకోండి. ఇది ఆపరేషన్‌కు ముందే చేయగలిగితే మరీ మంచిది.

ప్రయాణం

4. ఘాట్ రోడ్డు బస్సు వద్దు, రైల్లో కింది బెర్తు తీసుకోండి. ఒకే రోజులో ఇల్లు చేరాలన్న పంతం వద్దు. విజయనగరంలోనో విశాఖలోనో ఒక రాత్రి ఆగితే నష్టం లేదు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించండి, నీళ్లు తాగండి. రైలు మరుగుదొడ్డికి భయపడి నీళ్లు మానేసేవాళ్లు చాలామంది. ఆపరేషన్ అయిన కొత్తలో, అందులోనూ నలభై దాటినవాళ్లకు, కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. కదలకపోవడం, నీళ్లు తాగకపోవడం రెండూ దాన్ని పెంచుతాయి.

ఇంటి దగ్గర మొదటి 6 వారాలు

5. రోజూ గోరువెచ్చని నీళ్లు, ఘాటు వాసన లేని సబ్బుతో బయటి భాగం కడిగి, మెత్తని గుడ్డతో అద్ది ఆరనివ్వండి. తుడిచేది ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే. పసుపు, వేపాకు ముద్ద, డెట్టాల్ ఏవీ గాయం మీద వేయవద్దు.

6. 4, 5 కిలోలకు మించి ఎత్తకండి. సైకిలు, మోటారు సైకిలు, పొలం పని, గట్టి చప్పట్లతో ఆటపాటలు అన్నీ సర్జన్ సరేననేదాకా వాయిదా వేయండి. లైంగిక సంపర్కానికి సాధారణంగా 3 నెలలు ఆగమంటారు. నడక మాత్రం రెండో రోజు నుంచే ఉండాలి, ఇంట్లోనే అయినా.

7. పొగాకు మానాలి. బీడీ, సిగరెట్టు, గుట్కా, ఖైనీ, గుడాకు అన్నీ. నికోటిన్ రక్తనాళాలను బిగించేస్తుంది. కొత్తగా అతికించిన చర్మానికి రక్తం అందకపోతే అది నల్లబడి చచ్చిపోతుంది. "రోజుకు రెండే" అనే బేరం ఇక్కడ కుదరదు.

ఇక నలభై రోజుల పథ్యం. గురువుల ఇంట్లో కోలుకునేవాళ్లకు ఇది తప్పదు. ఆ నలభై రోజులు విశ్రాంతినిచ్చి, చేలాను, అంటే శిష్యురాలిని, ఒంటరిగా వదలకుండా చూసుకునే ఆచారం చాలా మంచిది. నలభయ్యో రోజు వేడుక నిండుగా చేసుకోండి. కానీ నీళ్లు తగ్గించమంటే, గాయం మీద మరిగిన నీళ్లో వేడి నూనెనో పోస్తామంటే ఒప్పుకోకండి. కొత్త చర్మం కాలిపోతుంది. నీళ్లు తక్కువైతే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్, మలబద్ధకం మూడూ వస్తాయి. అద్దం చూడకూడదన్న నియమం కూడా ఈ ఆపరేషన్‌కు నప్పదు. గాయాన్ని రోజూ అద్దంలో చూసుకోవలసిందే. ముఖం చూసుకోవడం మానండి, కావాలంటే. తిండిలో పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర, బొప్పాయి, చోడి అంబలి ఉండాలి. చద్దన్నం తినవచ్చు, అది ఏ పూటకు ఆ పూట శుభ్రంగా ఉన్నదైతే.

డైలేషన్

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. వెజైనోప్లాస్టీ తర్వాత శరీరం కొత్త మార్గాన్ని గాయంగా భావించి మూసేయాలని చూస్తుంది. మొదటి 3 నెలలు సాధారణంగా రోజుకు 3 సార్లు, ఆ తర్వాత క్రమంగా తగ్గిస్తూ, చివరికి వారానికి ఒకటి రెండుసార్లు ఎప్పటికీ చేస్తూ ఉండాలి. లోతు లేకుండా బయటి రూపం మాత్రమే చేయించుకున్నవాళ్లకు, వృషణాలు మాత్రమే తీయించుకున్నవాళ్లకు ఇది అవసరం లేదు.

8. చేసే పద్ధతి:

క. మూత్రం పోసి రండి. చేతులు కడుక్కోండి. డైలేటరును సబ్బుతో కడిగి ఆరబెట్టండి. గది గడియ పెట్టుకోండి, ఇంట్లో ఎంతమంది ఉన్నా సరే. ఎవరైనా తలుపు తడతారేమో అన్న భయం ఒక్కటి చాలు, కండరాలు బిగుసుకుపోతాయి.

చ. వెల్లకిలా పడుకుని, తల కింద దిండు పెట్టుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు ఎడంగా ఉంచండి. డైలేటరు కొసకు, ద్వారానికి ధారాళంగా జెల్లీ రాయండి.

ట. అద్దంలో ద్వారం చూసుకుని, కొసను ముందు కొద్దిగా కిందికి, అంటే వెన్నుపూస చివరి వైపు పోనివ్వండి. ముందున్న ఎముక దాటిందని తెలియగానే చేతిని కొంచెం కిందికి దించి తిన్నగా లోపలికి పోనివ్వండి. చాలామంది చేసే తప్పు ఇక్కడే. మొదటి నుంచీ తిన్నగా తోస్తే కొస ఎముకకు తగిలి ఆగిపోతుంది. "మూసుకుపోయింది" అని భయపడి ఇంకా గట్టిగా తోస్తారు.

త. ఆగిన చోట ఆగండి. నిదానంగా ఊపిరి వదలండి, మలం, మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాన్ని ఒకసారి బిగించి వదలండి. వదిలినప్పుడే డైలేటరు ముందుకు జరుగుతుంది. బలం వద్దు. ఒత్తిడి తెలియాలి, పొడిచినట్టు నొప్పి తెలియకూడదు.

ప. చివరిదాకా వెళ్లాక 10 నుంచి 20 నిమిషాలు అలాగే ఉంచండి. డైలేటరు మీద ఉండే చుక్కల్లో ఏది ద్వారం దగ్గర కనిపిస్తోందో నోటు పుస్తకంలో రాయండి.

య. తీసి, కడిగి, ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డలో చుట్టి పెట్టండి. లోపల కడుక్కోవడం సర్జన్ చెప్పినట్టే, ఆయన చెప్పినప్పటి నుంచే.

పెద్ద సైజుకు ఎప్పుడు మారాలి? ఇప్పుడున్నది వరుసగా కొన్ని రోజులు ఇబ్బంది లేకుండా చివరిదాకా వెళ్తుంటే. ఒక పూట తప్పితే తర్వాతి పూట మామూలుగా చేయండి, రెండింతల సేపు ఉంచి లెక్క సరిచేయకండి. పెళ్లికో జాతరకో వెళ్లి రెండు మూడు రోజులు మానేస్తే చిన్న సైజుతో మళ్లీ మొదలుపెట్టండి. చిన్నది కూడా వెళ్లకపోయినా, చుక్కల లెక్క తగ్గుతూ వస్తున్నా అదే రోజు సర్జన్‌కు ఫోను చేయండి. వారం ఆగితే పోయిన లోతు మళ్లీ రావడం కష్టం.

ఏది మామూలు, ఏది కాదు

వాపు కొన్ని వారాల నుంచి నెలల దాకా ఉంటుంది, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువగా కూడా. పసుపు, గోధుమరంగు స్రావం 4 నుంచి 8 వారాల దాకా రావచ్చు. డైలేషన్ తర్వాత జెల్లీలో కొద్దిగా రక్తపు చార ఉండవచ్చు. మూత్రం ధార పక్కలకు చిమ్మడం మొదట్లో ఉంటుంది. తుది రూపం తెలియడానికి 6 నెలల నుంచి ఏడాది పడుతుంది. మూడో వారంలో అద్దం చూసి ఏడవకండి. ఎర్రగా, మెత్తగా, తాకితే రక్తం వచ్చే చిన్న కండ కనిపిస్తే అది చాలామందికి వచ్చేదే, డాక్టరు క్లినిక్‌లోనే మందు రాసి తగ్గిస్తారు.

9. కింది వాటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోను చేయండి:

- గంటలో ఒక ప్యాడ్ నిండేంత రక్తం. వెళ్లే దారిలో శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి ఉంచండి.
- మూత్రపు సంచి నిండినట్టు ఉండి గంటల తరబడి చుక్క కూడా రాకపోవడం.
- యోని నుంచి మలం లేదా గాలి రావడం. డైలేషన్ వెంటనే ఆపేయండి.
- ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఛాతీలో పోటు, ఉన్నట్టుండి ఆయాసం.
- చర్మం నల్లబడటం, కుళ్లు వాసన, 100.4 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం.

జ్వరం మీద ఇంకో మాట. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి వైపు జ్వరం అంటే మొదట మలేరియానే గుర్తొస్తుంది. ఆశా కార్యకర్త వేలు గుచ్చి పరీక్ష చేస్తే చేయించుకోండి, తప్పు లేదు. కానీ ఆపరేషన్ సంగతి దాచి మలేరియా మందుతో సరిపెట్టుకోకండి. మూత్ర పరీక్ష, గాయం పరీక్ష కూడా జరగాలి. మలేరియా ఉన్నవాళ్లకు గాయంలో ఇన్ఫెక్షన్ ఉండకూడదని ఏమీ లేదు.

నాలుగో వారం ప్రాంతంలో కారణం లేకుండా దిగులు కమ్ముకోవడం కూడా ఉంటుంది. నిద్ర లేమి, నొప్పి మందులు, హార్మోన్లలో తేడా అన్నీ కలిసి చేసే పని అది. టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

హార్మోన్లు మొదలుపెట్టడం

10. మొదట పరీక్షలు. బీపీ, పరగడుపున చక్కెర, కొవ్వులు, కాలేయం, క్రియాటినిన్, పొటాషియం, పూర్తి రక్త పరీక్ష, ఎస్ట్రాడియోల్ (ఎస్ట్రోజెన్ అనే ఆడ హార్మోనులో ఒక రకం), టెస్టోస్టిరాన్ (మగ హార్మోను). మన జిల్లాలవాళ్లు సికిల్ సెల్ పరీక్ష తప్పక చేర్చండి. ఆ వ్యాధి ఉన్నవాళ్లకు రక్తం గడ్డకట్టే ముప్పు ముందే ఎక్కువ. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లోనే ఈ పరీక్ష చేస్తున్నారు. గతంలో కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ, గుండెపోటు, పక్షవాతం, కళ్ల ముందు మెరుపులతో వచ్చే తలనొప్పి, ఇంట్లో రొమ్ము క్యాన్సర్ ఉంటే అడగక ముందే చెప్పండి. టీబీకి రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమజెపీన్ వాడుతుంటే అవి హార్మోను మోతాదును తినేస్తాయి. హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతుంటే ఆ కేంద్రం డాక్టరుకు కూడా చెప్పండి. హార్మోన్ల కోసం ఏఆర్‌టీ ఆపడం మాత్రం ఎన్నడూ చేయకండి.

11. ఎప్పుడు? గాయం మాని, మామూలుగా నడుస్తూ తిరుగుతున్నాక, సర్జన్, ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) ఇద్దరూ సరేనన్నాక. చాలామందికి అది కొన్ని వారాల మాట. మరీ సాగదీయడం కూడా తప్పే. వృషణాలు లేక, ఎస్ట్రోజెన్ లేక ఏళ్లు గడిస్తే ఎముకలు బోలుపడతాయి. వేడి ఆవిర్లు, నీరసం, నడుం నొప్పిని "వయసు" అని కొట్టిపారేసిన అక్కలు ఎందరో. పాత నిర్వాణం వాళ్లు ముందు ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ గురించి, విటమిన్ డి గురించి డాక్టరును అడగండి.

12. ఏ రూపంలో? నలభై దాటినవాళ్లకు నా ఓటు చర్మం మీద రాసే ఎస్ట్రాడియోల్ జెల్‌కే. మాత్ర ముందు కాలేయం గుండా వెళ్లి గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది, చర్మం దారిలో ఆ ముప్పు తక్కువ. ధర ఎక్కువ, చిన్న ఊళ్లలో తెప్పించుకోవాలి, నిజమే. కుదరకపోతే ఎస్ట్రాడియోల్ వాలరేట్ మాత్రలు. పెద్దలకు వాడే మోతాదు రోజుకు 2 నుంచి 6 మి.గ్రా. మధ్య ఉంటుంది, మధ్యవయసులో తక్కువతో మొదలుపెడతారు. మీ అంకె మీ డాక్టరు రాయాలి.

జెల్‌ను స్నానం చేశాక, పొడి చర్మం మీద, భుజానికో తొడకో రాసి ఆరనివ్వండి. ఒక గంట దాకా తడపకండి. ఆరక ముందు పిల్లలను ఎత్తుకోకండి, వాళ్లకు అంటుకుంటుంది.

వాడకూడనివి కూడా చెప్పాలి. మాలా-డి లాంటి గర్భనిరోధక మాత్రలు రోజుకు రెండు మూడు మింగడం మనవాళ్లలో పాత అలవాటు. వాటిలో ఉండేది ఇథినైల్ ఎస్ట్రాడియోల్. అది గడ్డకట్టే ముప్పును ఎక్కువగా పెంచుతుంది కాబట్టే ఈ చికిత్సలో దాన్ని వదిలేశారు. తెలిసినవాళ్లు వేసే పేరు లేని ఇంజెక్షన్లూ వద్దు. వృషణాలు తీసేశాక స్పైరోనోలాక్టోన్, సైప్రోటిరోన్ లాంటి మగ హార్మోను అణిచే మందులు సాధారణంగా అక్కర్లేదు. పాత చీటీ చూపించి అవే కొనుక్కుంటూ ఉండేవాళ్లు ఇవాళే డాక్టరును అడగండి. మోతాదు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

పనిచేస్తోందో లేదో చూసుకోవడం

మొదటి ఏడాది 3 నెలలకోసారి రక్త పరీక్ష, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు. ఎస్ట్రాడియోల్ 100 నుంచి 200 పీకోగ్రాముల మధ్య, టెస్టోస్టిరాన్ 50 నానోగ్రాముల లోపు ఉండాలన్నది ఎక్కువమంది డాక్టర్లు పాటించే గురి. మొదటిది మిల్లీలీటరుకు, రెండోది డెసిలీటరుకు. నివేదికలో అంకె వందల్లో ఎక్కువగా కనిపిస్తే కంగారుపడక ముందు కొలమానం చూడండి. కొన్ని ల్యాబులు పీకోమోల్‌లో ఇస్తాయి. జెల్ రాసిన చేతి నుంచి రక్తం ఇస్తే అంకె అబద్ధం చెబుతుంది, రెండో చెయ్యి ఇవ్వండి. ప్రతిసారీ ఒకే ల్యాబు, మందు వేసుకున్నాక దాదాపు ఒకే సమయం ఉండేలా చూడండి.

చనుమొన కింద చిన్న గట్టి బిళ్ల, నొప్పి 3 నుంచి 6 నెలల్లో వస్తాయి. రొమ్ము పూర్తి పెరుగుదలకు 2, 3 ఏళ్లు పడుతుంది. చర్మం మెత్తబడుతుంది, కొవ్వు సర్దుకుంటుంది. గొంతు మారదు, గడ్డం పోదు. గొంతుకు సాధన, గడ్డానికి లేజరు లేదా ఎలక్ట్రోలిసిస్ కావాలి. యాభై ఏళ్ల వయసులో మార్పు ఇరవై ఏళ్ల చేలాకు వచ్చినంత వేగంగా రాదు. ఆమెతో పోల్చుకుని మోతాదు పెంచకండి.

ట్రాన్స్ పురుషులకు

ఛాతీ ఆపరేషన్ తర్వాత డ్రెయిన్ గొట్టాల్లో పడే ద్రవాన్ని రోజూ కొలిచి రాయండి. సాధారణంగా 24 గంటల్లో 30 మి.లీ. లోపుకు వచ్చాక తీస్తారు. చేతులు భుజాల పైకి ఎత్తకుండా 3, 4 వారాలు, బిగుతు వెస్టు సర్జన్ చెప్పినన్నాళ్లు. ఒక పక్క ఛాతీ ఉన్నట్టుండి ఉబ్బి గట్టిపడితే లోపల రక్తం చేరుతోందని అర్థం, వెంటనే వెళ్లాలి. టెస్టోస్టిరాన్ మొదలుపెట్టాక హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల వాటా) మీద కన్ను వేయండి. 54 శాతం దాటితే రక్తం చిక్కబడి ముప్పు తెస్తుంది, డాక్టరు మోతాదు తగ్గిస్తారు లేదా ఆపుతారు. నెలసరి ఆగడానికి 2 నుంచి 6 నెలలు పట్టవచ్చు. ఆగిపోయి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే గైనకాలజిస్టును కలవండి. గర్భాశయం, గర్భాశయ ముఖం ఉన్నంతకాలం వాటి క్యాన్సర్ పరీక్షలూ కొనసాగాలి.

ట్రాన్స్ మహిళలకూ ఇలాంటిదే ఒకటి ఉంది. వెజైనోప్లాస్టీలో ప్రొస్టేటు గ్రంథిని తీయరు. యాభై దాటాక మూత్రం ఆగి ఆగి వస్తుంటే, రాత్రి పదేపదే లేవాల్సి వస్తుంటే యూరాలజిస్టు దగ్గరికి వెళ్లి ప్రొస్టేటు ఉందని మీరే చెప్పాలి. ఎస్ట్రోజెన్ వాడేవాళ్లకు పీఎస్‌ఏ (ప్రొస్టేటు కోసం చేసే రక్త పరీక్ష) అంకె మామూలు కన్నా తక్కువగా ఉంటుంది కాబట్టి, హార్మోన్ల చీటీ కూడా వెంట తీసుకెళ్లండి.